బుడగల లెక్క

ఒస్త్రావాలో సముద్రం లేదు.
బొగ్గు తవ్విపోసిన గుట్టలున్నాయి,
వాటి మీద ఇప్పుడు బర్చ్ చెట్లు.
నాలుగో అంతస్తులో, మా వంటగది గోడకానుకుని
నాలుగు వందల లీటర్ల ఉప్పునీళ్ళున్నాయి.
ఉప్పు నేను బకెట్లో కలిపిందే.

ముప్ఫై ఒక్క ఏళ్ళు భూమి కింద
గాలిని కొలిచాను.
నా మీటరు ముల్లు కదిలితే
నూటపది మంది పని ఆపేవాళ్ళు.
బొగ్గుపులుసు వాయువంటే
పాదాల దగ్గర పేరుకునేది,
దీపాన్ని ముందు, మనిషిని తర్వాత ఆర్పేది.
ఇప్పుడు దాన్నే సిలిండర్‌లో కొనుక్కొచ్చి
సోఫా వెనక నిలబెట్టి
మర్యాదగా రమ్మంటున్నాను.

రియాక్టర్ గొట్టం నిండా చచ్చిన పగడాల ముక్కలు.
ఏడుసార్లు కడిగాను,
ఎనిమిదోసారీ పాలే కారాయి.
ఏ నీళ్ళలో పెరిగినవో సంచి మీద రాయలేదు.
"ఒట్మార్ తాతా, కరిగితే వీటికి నొప్పెడుతుందా?"
కింది ఇంటి యోలానా, తొమ్మిదేళ్ళది.
లేదన్నాను.
నీకెలా తెలుసని అడగలేదు, బతికిపోయాను.

నీడిల్ వాల్వ్ మహా సన్నం. నా వేళ్ళకు వణుకు.
ఆవగింజంత తిప్పుదామంటే
గుమ్మడికాయంత తిరుగుతుంది.
యోలానా వేళ్ళు వణకవు.
నేను గడియారం చూస్తాను,
ఆమె పెదాలు కదుపుతూ బుడగలు లెక్కపెడుతుంది.
నిమిషానికి ఇరవై నాలుగు కావాలి.
"ఇరవై ఐదు. ఒకటి మరీ చిన్నది. దాన్నీ వేయాలా?"
వేయాలి.
గనిలో ఒకసారి మేం వేయని చిన్నదొకటుంది.
ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మొదటి వారం ఆత్రపడ్డాను.
చుక్క కాస్తా ధారైంది.
క్షారం ఎనిమిది దాటి, పది దాటి, పన్నెండు.
ఊదారంగు కొమ్మల చివర్లు
సుద్దలో ముంచినట్టు తెల్లబడ్డాయి.
అన్నం ఎక్కువై మాడిపోవడం
అంతకు ముందు నేను చూడలేదు.

కట్టేశాను. నాలుగు రోజులు చేతులు కట్టుకు కూర్చున్నాను.
"ఒకసారికి ఒకటే మార్చు. తర్వాత ఒకరోజు ఆగు."
ఫ్రిజ్ మీద కాగితం యోలానా అతికించింది,
అక్షరాలు వంకర, మాట తిన్నన.

ఇప్పుడు గొట్టంలో పీహెచ్ ఆరున్నర.
పరీక్ష గొట్టంలో ఎనిమిదో చుక్కకి
నీలం పసుపవుతుంది, రోజూ.
తెల్లవారుజామున తొట్టి పీహెచ్ కాస్త దిగుతుంది,
అది మామూలే, భయపడక్కర్లేదు.
భయపడతాను.
మూడింటికి లేచి, దీపం వేయకుండా వింటాను.
సోలెనాయిడ్ టక్కుమంటుంది.
బుడగ, బుడగ, కాస్త ఆగి
బుడగ.

నిన్న చూస్తే
గొట్టంలో ముక్కలు రెండు వేళ్ళు దిగాయి.
కొమ్మ చివర వెంట్రుకవాసి కొత్త అంచు.
యోలానా స్కేలు పెట్టి కొలిచి
"ఇక్కడ తగ్గినంత అక్కడ లేదే" అని తగాదాకొచ్చింది.
నిజమే. కొంత పంపుకి అంటుకుంది,
కొంత అద్దానికి, కొంత పైపు మలుపుల్లో రాయి అయింది.
శనివారం వెనిగర్‌తో కడగాలి.
బకెట్ పట్టుకోవడానికి వస్తానంది,
ఈత క్లాసు లేకపోతే.