మరక

గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం
కలుపుతున్నాను.
కోట వసారా గోడ మీద, నా నడుమెత్తున,
ఆ మట్టిగీత కనబడకూడదట.
లిస్టులో బెల్జియం అద్దాలున్నాయి,
దంతపు పిడులున్నాయి,
ఎనభయ్యారు వరద లేదు.

ఆ రాత్రే మా పేట మొదటిసారి
ఈ మెట్లెక్కింది.
పైన, రాజుగారి పటం కింద,
పరదా చింపి పరిచి
మా అమ్మ నన్ను కంది.

తోటలో మోకాల్లోతు ఒండ్రు తవ్వి
పాత బాటలు తేల్చారు,
కడియం నుంచి క్రోటన్లు దించారు.
తీసిన మట్టి గేటవతల గుట్ట.
ఎవరూ వెయ్యని గుమ్మడి పాదొకటి
అప్పుడే ప్రహరీ ఎక్కుతోంది.

"ఏం రాణెమ్మా, చెయ్యాగిందేం?"

చెమ్మ గోడకి సున్నం నిలవదు మేస్త్రీ,
ఇది ఇంకా ఆరలేదు.