ఎనిమిదో మూత

రెండు గోనెసంచుల్లో వచ్చిందా అంబాసిడర్ ఇంజన్.
బండి మాత్రం బిసోయి మాస్టారి పెరట్లో
ఇటుకల మీద నిలబడి ఉంది,
పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచి మరిచిపోయినట్టు.

విప్పినవాడు కైలాస్ మహారణా మిస్త్రీ.
బిగించేలోపు పోయాడు.
గుణుపురంలో డీజిలు బండి దగ్గే దగ్గుని బట్టి
ఏ నాజిల్ చెడిందో
మంచం మీంచే చెప్పేవాడట.

రెండో సంచి ఎవరిదో ఎవరికీ తెలీదు.
"అన్నీ అందులోనే ఉన్నాయి" అన్నారు మాస్టారు.
ఈ మాట విన్నప్పుడల్లా నాకు దడ.

నాది ఆ పక్క, పాలకొండ.
ఇక్కడికొచ్చి ఏడు నెలలు.
బేరం ఒడియాలో, తిట్టు తెలుగులో,
పానాల సైజులు ఇంగ్లీషులో.
చదవడం మాత్రం రాదు.
బోర్డుల మీది అక్షరాలన్నీ
వానకి గొడుగులేసుకుని వరసలో నిలబడ్డ
ఒకే ఇంటి మనుషుల్లా కనిపిస్తాయి.

కిరసనాయిల్లో కడిగి పరిచాను.
క్రాంకు పడుకుంది. పిస్టన్లు దిగాయి.
ఇక కనెక్టింగ్ రాడ్లకి కింద మూతలు, నాలుగు.
మూతల మీద ఉలితో కొట్టిన అంకెలు.
ఒకటి రెండులాగే ఉంది, కొంచెం తోక ఎక్కువ.
ఒకటి మూడు, అనుకోవచ్చు.
ఇంకోటి తొమ్మిదో, నడుం విరిగిన ఆరో.
ఇంకోటి ఎనిమిది.

నాలుగు సిలిండర్ల బండికి
ఎనిమిదో మూత ఎక్కడిది?

రెండో సంచి పనే అనుకున్నాను.
ఏ లారీదో వచ్చి కలిసుంటుంది.
రాయగడ పాతినప కొట్లో
మూడువందల యాభైకి రెండు మూతలు కొన్నాను.
కొలతకి సరిపోయాయి. బిగించాను.
చివరి పావు తిప్పు దగ్గర
మందు గరిటె చూసిన పిల్లాడి పెదాల్లా
క్రాంకు బిగుసుకుపోయింది.
వదులు చేస్తే తిరుగుతుంది.
బిగిస్తే, లేదు.

ఆకురాయి తీశాను, రుద్దుదామని.
రుద్దే మిస్త్రీకి నరకంలో
వేరే షెడ్డు ఉంటుందనేవాడు మా గురువు పోలినాయుడు.
"రాడ్డూ మూతా ముందు బిగించేసి
అప్పుడు బోరు వేస్తార్రా గుంటడా.
ఆ సున్నాలో సగం దీనిది, సగం దానిది.
ఎక్కడిదో సగం తెచ్చి అతికిస్తే
సున్నా అవదు, కోడిగుడ్డవుద్ది."

ఆకురాయి లోపల పెట్టేశాను.
మూడు రోజులు కోడిగుడ్డుని చూస్తూ కూర్చున్నాను.
ఎనిమిదో మూత బీడీ బూడిదకి పనికొచ్చింది.

నాలుగోనాడు టీ తెచ్చిన టుకునా
గ్లాసు పెట్టడానికి దాన్ని పక్కకి జరిపి
బూడిద ఊది, చదివాడు:
"చారి."
"ఎవడ్రా చారి?"
వాడు నావైపు జాలిగా చూసి
నాలుగు వేళ్ళు చూపించాడు.

వాళ్ళ నాలుక్కి నెత్తి తెరిచి ఉంటుందట.
ముసలాయన ఉలి కాస్త జారి
నెత్తి మూసుకుపోయింది, అంతే.
తొమ్మిదో ఆరో అనుకున్నది ఒకటి.

నాలుగో రాడ్డు పక్కన మసి గీకితే
అదే గుర్తు, అదే చెయ్యి,
అదే చోట జారిన ఉలి.

బిగించాను.
చివరి పావు తిప్పు దగ్గర ఊపిరి బిగపట్టాను.
బరువుగా తిరిగింది. ఆగకుండా తిరిగింది.

మూడు రోజులు ఆ పోయినాయన్ని తిట్టాను.
తెలుగులోనే తిట్టాను.
ఆయనకి తెలుగు బాగా వచ్చట.

ఆదివారం స్టార్టయింది.
తెల్లగా, తర్వాత నల్లగా పొగ,
తర్వాత మామూలు దగ్గు.
మాస్టారు డబ్బులిచ్చి, ఛెనాపోడ పెట్టి,
భార్యని ఎక్కించుకుని వంశధార వంతెన దాకా వెళ్ళొచ్చారు.

సంచి దులిపితే ఒక బోల్టు రాలింది.
బొటనవేలంత. మర బాగుంది.
రెండో సంచిదే, దాదాపు ఖాయం.

చొక్కా జేబులోనే ఉంది.
బజారు రోడ్డు మీద ఆ బండి వెళ్ళినప్పుడల్లా
టీ కింద పెట్టి
మలుపు తిరిగేదాకా వింటాను.