రెండు నిమిషాలు

పేపరుకి నేను పంపిన నోటు ఇది:
కాశీబుగ్గలో ముగిసిన రెండు జిల్లాల చదరంగం,
అండర్ ఫిఫ్టీన్‌లో నలుగురు రాష్ట్ర పోటీలకు ఎంపిక.
కింద నాలుగు పేర్లు, ఒక ఫొటో.
ఫొటో నిండా దండ వేసుకున్న స్పాన్సరుగారు,
ఆయన భుజాల సందుల్లోంచి ఆటగాళ్ళు.

ఐదో పేరు రాయలేదు.
ఐదో పేరు వేసే అలవాటు ఏ పేపరుకీ లేదు.

పలాస డిపోలో కండక్టరుని నేను.
చిల్లర లెక్క తప్పని చెయ్యని
అసోసియేషన్ వాళ్ళు నన్ను ఆర్బిటర్ని చేసేరు.
ఇరవై రెండు బోర్డులూ మా ఇంటి అటక మీదే ఉంటాయి.
తుపాను ఏడాది తడిసి
నల్లగళ్ళు ఊదారంగుకి తిరిగేయి.
తొమ్మిదో బల్ల నల్లబంటు ఒకటి
ఎప్పుడో ఏ పిల్లాడి జేబులోనో ఊరు దాటిపోయింది.
దాని చోట జీడిపిక్క పెట్టేను.
కాశీబుగ్గలో దానికోసం వెతుక్కోవాలా,
కల్యాణ మండపం మెట్ల కిందే దొరికింది.

"ఇదేంటండీ?" అన్నారు
విజయనగరం నుంచొచ్చిన తండ్రిగారు.
ఇద్దరు ఆటగాళ్ళకీ సమ్మతమైతే సరేనన్నాను.
వాళ్ళబ్బాయి శ్రీవత్స తలూపేడు.
రేటింగున్న పిల్లాడు,
నీళ్ళసీసా మీద కూడా గుర్రం బొమ్మ.
నల్లపావుల వెనక బమ్మిడి ఢిల్లేశ్వరి,
మందస పక్క ఊరు, ఎనిమిదో తరగతి.
సెలవులకి తల్లితో పిక్కలు ఒలవడానికి వెళ్తుంది,
వేళ్ళ కొసలు మాడిన పెనంలా ఉంటాయి.
తెల్లమంత్రిని కొట్టబోతూ ఒక్కసారి
చెయ్యి చూసుకుని, చున్నీకి తుడుచుకుని,
అప్పుడు ముట్టుకుంది.

పద్ధెనిమిదో ఎత్తులో
గుర్రం వచ్చి జీడిపిక్కని కొట్టింది.
కొట్టిన పావుని బల్ల పక్కన పెట్టాలి.
ఆ బాబు పెట్టలేదు.
ఆలోచనలో ఉన్న పిల్లల చేతులు వాళ్ళవి కావు.
పిక్క అరచేతిలో దొర్లింది,
గడ్డం దాకా వచ్చింది,
పెదవి దాకా,
పళ్ళ మధ్యకి.

"నోట్లో ఎట్టకు! నోరు పొక్కిపోద్ది!"

హాలంతా తలలు లేచేయి.
పచ్చిపిక్క తొక్కలో నూనె ఏం చేస్తుందో
ఇక్కడ పాకే పిల్లకి కూడా తెలుసు.
విజయనగరానికి అది వేగి, ఉప్పద్దుకుని,
పొట్లంలో వెళ్తుంది.
బాబు పిక్క కింద పెట్టేశాడు.
గుమ్మంలోంచి తండ్రిగారు చెయ్యెత్తేరు:
"ప్రత్యర్థితో మాట్లాడింది సార్."

మాట్లాడింది. నిజమే.
గడియారం ఆపేను.
ఎదటి ఆటగాడికి రెండు నిమిషాలు కలపాలి.
మెళియాపుట్టి బస్సులో టిక్కెట్టు లేని ముసలమ్మని
చూసీ చూడనట్టు ఊరిదాకా తెచ్చిన రోజులున్నాయి నాకు.
ఆవేళ నలుగురు చూస్తున్నారు.
కలిపేను.
ఢిల్లేశ్వరి నా వంక చూళ్ళేదు.
స్కోరుషీటు మీద ఎత్తు రాసుకుంది, గుండ్రటి అక్షరాలు.

తక్కిన బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యేయి.
వంటవాడు గరిటె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.
ఏనుగుకి ఏనుగు మిగిలింది, చివరికి
ఏనుగు కూడా మిగల్లేదు ఆమెకి.
ఆట కట్టు అని అతను అన్నప్పుడు
అతని గడియారంలో ఉన్నది
ఒక నిమిషం నలభై సెకన్లు.

చిల్లర లెక్క తప్పని చెయ్యి నాది.

చేతులు కలుపుకున్నారు.
"పెదవి మండతందేటి?" అనడిగింది.
లేదన్నాడు.
ఆట అయిపోయింది కదా, మాట్లాడుకోవచ్చు.

ఆ పిల్లకి ఆట నేర్పిన అప్పలసూరి మాస్టారు
నాతో మాట్లాడి పదకొండు రోజులైంది.
మాట్లాడనందుకు ఎన్ని నిమిషాలు కలపాలో
రూలు పుస్తకంలో లేదు, చూసేను.

పిక్కని పావుల డబ్బాలో వేసేను.
అంచు మీద చిన్న పంటిగాటు.
కొత్త బంటు కొనమని ట్రెజరర్ యాభై రూపాయలిచ్చేడు,
ఇంకా కొనలేదు.

పేపరువాళ్ళకి మరో నోటు పంపాలి:
వచ్చే నెల రెండో ఆదివారం ఆమదాలవలసలో ఓపెన్ టోర్నీ.
ఎంట్రీ నూట యాభై. మధ్యాహ్నం పులిహోర.
గడియారాలు
ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.