ఊరి చూపులు

మెల్బోర్న్ నుంచి ఆరు గంటలు కారులో వచ్చాం
మిల్డూరాని ఒకసారి చూసిపోదామని.
పెళ్ళిచూపుల్లాగే ఉంది వ్యవహారం.
ఇస్త్రీ చొక్కా వేసుకుని నేను,
ఆసుపత్రి వాళ్ళ ఉత్తరం సంచిలో పెట్టుకుని హైమవతి,
వెనకసీట్లో నోటుబుక్కు తెరిచి
ఊరికి మార్కులు వేస్తూ తొమ్మిదేళ్ళ నిశ్చల.

గోధుమ పొలాలు అయిపోయాయి.
నేలకి అతుక్కుపోయిన బూడిదరంగు పొదలు అయిపోయాయి.
ఒకటే ఎర్రమట్టి, ఒకటే ఆకాశం.
ఉన్నట్టుండి పచ్చగా ద్రాక్షతోటలు,
ప్రార్థనకి నిలబెట్టిన బడిపిల్లల్లా.
"నది లేకపోతే ఈ ఊరే లేదు" అంది హైమవతి,
అప్పుడే ఊరి తరపు చుట్టంలా.

నేను ట్రామ్ నడుపుతాను.
పదకొండేళ్ళుగా నా చూపు పట్టాలమీదే.
ఇక్కడ పట్టాల్లేవు.
రోడ్లేమో విమానం దిగేంత వెడల్పు,
మధ్యలో గడ్డి, గడ్డిమీద చెట్లు,
చెట్లకింద ఎవ్వరూ లేరు.
నన్నేం చేసుకుంటావమ్మా అని
లోపల్లోపలే అడిగాను ఊరిని.

కాఫీ హోటల్లో పెద్దావిడ
"పళ్ళు కొయ్యడానికి వచ్చారా?" అంది.
మంచిగానే అడిగింది.
"కాదు, కిడ్నీలు కడగడానికి" అంది హైమవతి.
బల్ల తుడుస్తున్న చెయ్యి ఆగింది.
"మా ఆయన వారానికి మూడుసార్లు వెళ్తాడు అక్కడికి" అంటూ
కుర్చీ లాక్కుని కూర్చుంది.
సూదులు, బీపీ, ఉప్పు మానని మొండితనం,
ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో.
కాఫీకి డబ్బు తీసుకుంది గానీ
కేకుకి తీసుకోలేదు.

అద్దె ఇల్లు చూపించిన కుర్రాడు లాక్లన్.
వెనక నీళ్ళ ట్యాంకు, తుప్పుపట్టిన ఉయ్యాల, నిమ్మచెట్టు.
నేను కుళాయి తిప్పి దోసిలి పట్టాను.
మా నాన్న ఏ ఊరెళ్ళినా
ముందు నీళ్ళ రుచి చూసేవాడు, తర్వాతే మనుషుల్ని.
నీళ్ళు ఫరవాలేదు.
కాస్త మట్టి, కాస్త క్లోరిన్,
ఇంకేదో, పేరు తెలీదు.
వంటింటి కిటికీ పడమర అని హైమవతి మొహం చిట్లించింది.
చెట్టుకింద రాలిన కాయలు ఇరవై మూడనీ
ఎవరూ ఏరుకోవడం లేదనీ
నిశ్చల వచ్చి ఫిర్యాదు చేసింది.

సాయంత్రం ఐదున్నరకే షాపులు మూసేశారు,
ఎవరో పోయినట్టు.
రెండు మార్కులు కొట్టేసింది నిశ్చల.
నది దగ్గరికి నడిచాం.
ఎనిమిదో తరగతి భూగోళంలో
ముర్రే డార్లింగ్, ముర్రే డార్లింగ్ అని
బట్టీపట్టింది ఈ నీళ్ళనేనా?
పరీక్షలో రాలేదు అప్పుడు.
పాలెక్కువైన టీ రంగులో, తొందర లేకుండా
పోతోంది. అవతలి ఒడ్డు వేరే రాష్ట్రమట.
చూడ్డానికి ఏం తేడా లేదు.

రాత్రి మోటెల్లో నిద్ర పట్టలేదు.
ట్రామ్ గంట లేదు, పై అంతస్తు పిల్లాడి బంతి లేదు.
నిశ్శబ్దం ఎంత దగ్గరికొచ్చిందంటే
కాస్త జరగమని చెప్పాలనిపించింది.
"ఏమంటావ్?" అంది చీకట్లో.
"మనకి ఊరు నచ్చడం సరే,
ఊరికి మనం నచ్చామని ఎలా తెలుస్తుంది?"
"ఉత్తరం రాశారుగా."
"నీకు రాశారు."
ఆ తర్వాత చాలాసేపు
ఇద్దరం నిద్రపోయినట్టు పడుకున్నాం.

తిరిగి వెళ్తూ పెట్రోలు బంకులో ఆగాం.
"ఎక్కణ్ణుంచి?" అన్నాడు గల్లాపెట్టె ముసలాయన.
మెల్బోర్న్ అంది హైమవతి.
ఒంగోలు అన్నాను నేను, ఎందుకన్నానో.
నిశ్చల ఆ నిమ్మచెట్టు వీధి పేరు చెప్పింది,
ఇంటి నంబరుతో సహా.
"మంచి వీధే," అన్నాడాయన,
"జనవరిలో మాత్రం చన్నీళ్ళ కుళాయిలో
వేణ్ణీళ్ళొస్తాయి, ఇప్పుడే చెప్తున్నా."
సంబంధంలో లోపం దాచని పెద్దమనిషిలా.

ఒంగోల్లో మా డాబా ఇంట్లోనూ అంతే.
మే నెలలో చన్నీళ్ళ స్నానానికి
తెల్లారకముందే లేచి వంతులేసుకునేవాళ్ళం.
ఆ మాట అక్కడ అనలేదు.
చిల్లర తీసుకుని కారెక్కాను.
వంద కిలోమీటర్లు దాటాక
చెప్పాను.