ఖాళీ గోతం

రాత్రి పదకొండున్నరకి మీరావలి ఫోన్:
"ఆ డిస్కు కొట్టేయ్. పొద్దున్నే ఇంకొకరికి ఇవ్వాలి."
కొట్టేయ్ అనే అంటాడు ఎప్పుడూ,
పద్దు మీద గీత కొట్టినట్టు.

డిస్కు నా దగ్గర లేదు.
నేను అరండల్‌పేట మూడో లైనులో, మెట్ల కింద గదిలో.
అది బెజవాడ ఆటోనగర్‌లో, వెల్డింగ్ షెడ్డు వెనక,
పన్నెండు పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా.
మధ్యన ఒక తీగ,
కాజ టోల్‌గేటు దగ్గర టోలు కట్టకుండా దాటిపోయేది.
ఇటు నుంచి చూస్తే డిస్కంటే ఒట్టి మాట,
రెండు టెరాబైట్లు ఇస్తామన్న మాట.
ఇచ్చింది మాత్రం వాడుకున్నంతే.

ఏటుకూరు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళది.
నిరుడు షట్టరు దించేశారు.
అసలు పద్దులు బ్యాంకు పట్టుకెళ్ళింది, ఇది మిగిలిన నకలు.
లోపల చూడకూడదు. చూశాను.
లాట్ 2217. దేవళ్ళ ఏసురత్నం, క్రోసూరు.
తేజ రకం, నలభై ఒక్క టిక్కీలు.
సరుకు మీద అప్పు లక్షా అరవై వేలు.
పక్క గడిలో ఎవరో కొట్టిన ముక్క:
"రేటు వచ్చేదాకా తీయనన్నాడు."
తీశాడో లేదో ఆ గడి చెప్పదు.

వదిలేయొచ్చు.
"ఈ చోటు నాకక్కర్లేదు" అని తీగ మీద ఒక కబురు,
రెప్పపాటు పని.
అవతలి పెట్టె సరేనంటుంది, లెక్కలోంచి తీసేస్తుంది.
తర్వాత అడిగితే సున్నా అంటుంది,
లేదా పాతదే పలుకుతుంది.
ఏ పెట్టె ఎలాంటిదో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుందట.
ఆ పుస్తకం మా దగ్గర లేదు.

లేదంటే చెరపాలి.
మొదటి గడి నుంచి చివరి గడిదాకా
సున్నా, సున్నా, సున్నా. తెల్లారిపోతుంది.
పైగా సున్నాకీ చోటు కావాలి.
ఇన్నాళ్ళూ మాటగా ఉన్న రెండు టెరాబైట్లూ
సున్నాలతో నిండి నిజమైపోతాయి.
లేని సరుకుకి అద్దె.

మా పెద్దమ్మ యార్డులో తాలు ఏరేది.
ఎర్ర కుప్ప పక్కన తెల్లకాయల కుప్ప.
ఇవి పారేస్తారా అని అడిగితే
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నవ్వింది.
"తాలుకీ ఓ రేటుందే పిల్లా."

ఒకసారి యార్డు నుంచి ఖాళీ గోతం తెచ్చింది.
దులిపింది, ఎండేసింది, మళ్ళీ దులిపింది,
కంట్రోలు బియ్యం పోసింది.
ఆ నెలంతా మా తమ్ముడు
కూర వేయకముందే నోరు మండి ఏడ్చాడు.
గోతం ఖాళీదే. ఎవర్నడిగినా ఖాళీదే అనేవాళ్ళు.

రేపు ఈ డిస్కులో బియ్యం పోసుకునేది
లక్ష్మీపురంలో ఒక ట్యూషన్ సెంటరు.
పిల్లల మార్కులు, కట్టని ఫీజులు.
పనిలేని కుర్రాడెవడో ఖాళీ చోటు గీకి చూస్తే
ఆ మార్కుల అడుగున
క్రోసూరు అప్పు ఘాటుగా తగులుతుంది.

"ఖాయమేనా?" అంది తెర.
ఊఁ అన్నాను. సున్నాలు బయల్దేరాయి.

రెండింటికి నలభై మూడు శాతం.
ఏసురత్నం ఏ శాతం దగ్గర పోయాడో తెలీదు.
పేరు ఒక పెట్టెలో, ఊరు ఇంకో పెట్టెలో,
అప్పు మరెక్కడో.
ముందు అప్పు చెరిగి,
ఆ తర్వాత పేరు చెరిగి ఉంటే బావుండును.
ఒక్క నిమిషమైనా
అప్పులేని మనిషిగా ఉండేవాడు, ఆటోనగర్‌లో.

ఐదింటికి అయిపోయింది.
అప్పుడు వదిలేశాను. రెప్పపాటే పట్టింది.
రెండు టెరాబైట్లూ మళ్ళీ మాటైపోయాయి.

నెలాఖరున బిల్లొచ్చింది.
ఆ ఒక్క రాత్రికి సున్నాల అద్దె
నాలుగు వందల పది రూపాయలు.
మీరావలి ఎర్ర పెన్నుతో చుట్టి, పక్కన రాశాడు:
"ఇది దేనికి?"