టోపీలు

మా బస్తీల "మందు లేదు" అంటే
మూడు దుకాణాలు యాదికొస్తయి.
ఒకటి గోలీలది. ఒకటి సీసాలది.
మూడోది సిద్దియంబర్ బజార్ వెనక గల్లీల,
నాలుగు మెట్లు కిందికి,
పాత తాళాల వాసనలకు దిగి పోవాలె.

నల్లటి మందు కావాలన్న.
"నల్లమందు అనకు భాయ్, అది ఇంకో కేసైతది,
తుపాకీ మందు అను" అని నవ్విండు ఇబాదుల్లా సేఠ్.
నవ్వు ఆగినంక, లైసెన్సు కాయితం ముట్టకుండనే
తల అడ్డం ఊపిండు.
పైనుంచి మాల్ బందట. టోపీలు సుత లేవట.
దీపావళి దాటనీ, చూద్దామన్నడు.
ఏ దీపావళో చెప్పలే.

టోపీ లేదని చెప్పి
నాకు టోపీ పెట్టిన మొదటి మనిషి.

బాలానగర్ల ముప్పై ఏండ్లు
లేతు మీద ఇత్తడి పొట్టు రాల్చిన చేతులివి.
దొరకనిది చేసుకుంటమన్న పొగరు నాది.
గజం చేసిన. కొలత గిన్నె చేసిన.
తాత తుపాకీకి అరిగిన గుర్రం మళ్ల కోసిన.
కాని గోరంత రాగి గిన్నెల అడుగున
ఎండి కూసున్న ఆ కోపం
నా లేతు మీద పుట్టదు.

తలనొప్పి బామ్ డబ్బాల పంతొమ్మిది మిగిలినయి.
ఊపితే చిన్నగ మోగుతయి.
నా భార్య సువార్త ఆ చప్పుడు విని
"లెక్కపెట్టిందే లెక్కపెడ్తవు" అంటది.

బార్కస్ నుంచి ఔద్ వస్తడు ప్రతి ఆదివారం
స్కూటర్ మీద, వీపుకు అడ్డంగ పొడుగు సంచి.
ఇద్దరం కలిసి కరువు నేర్చుకున్నం.
మందు తగ్గించినం,
గుండు అంత దూరం పోనంటే
యాభై గజాలను ఇరవై అయిదు చేసినం;
టార్గెట్టే సిగ్గు లేకుండ దగ్గరికొచ్చి నిలబడ్డది.
గుండుకు చుట్టే గుడ్డ ఔద్ గళ్ల లుంగీది,
పేలినప్పుడల్లా పొగల నుంచి
ఒక గడి కాలుకుంట ఎగిరి పడ్తది.
సీసం కోసం టైర్ల దుకాణం పోరన్ని అడిగితే
"చక్రాల తుంటలు ఇప్పుడు ఇనుమే అంకుల్" అన్నడు.

అట్ల మొదలైంది మట్టి తవ్వుడు.
టార్గెట్టు వెనక కట్ట మీద
మనం కాల్చింది మనమే ఏరుకునుడు.

మొన్న వాన ముసురు.
టోపీ టక్కుమన్నది, మందు పలకలే.
కదలొద్దు. గొట్టం కట్ట దిక్కే ఉండాలె.
ఒక నిమిషం.
నేను తెలుగుల లెక్కపెట్టిన, ఔద్ ఉర్దూల,
రింగురోడ్డు మీద లారీలు వాటి లెక్క అవి.
ఆయన సాఠ్ అన్నప్పుడు
నేనింకా యాభై మూడు కాడున్న.
రెండో టోపీ పెట్టిన. పేలింది.
రెండు టోపీలు, ఒక్క గుండు.
ఔద్ ఏమనలే, గుంటల పార దింపిండు.

దొరికినవి తడి మట్టిల తుడుచుకుంట
ఒకదాని కాడ ఆగిండు.
నడుమ సన్నటి గీత.
ఆ గీత సయీద్ అచ్చుల ఉండేది,
కొన్న రోజే కిందపడి సొట్టపోయిన అచ్చు.
సయీద్ ఔద్ అన్న.
సిలిండర్లు దొరకని నెలల పోయిండు.
ఆ నెల మేమిద్దరం
మొదటి దుకాణం మందు కోసం
కోఠీ నుంచి నాంపల్లి దాక తిరిగినం.
షట్టరు సగం దించి, "లేదు".

సాయంత్రం బార్కస్‌ల, వాళ్ల జామచెట్టు కింద,
స్టవ్ మీద సీసం మెత్తబడ్తున్నది.
ఆ గుండు పక్కకు పెడ్తడనుకున్న.
నేనైతే పెట్టేటోన్ని.
చెమ్చల పెట్టి మెల్లగ జార్చిండు.
"భాయ్‌కు ఏదీ వేస్ట్ చేసుడు నచ్చదు" అన్నడు,
నచ్చేది కాదు అనలే.

నా అచ్చుకు గీత లేదు.
తొమ్మిది గుండ్లైనయి, తొమ్మిదీ నున్నగ,
ఏ దాంట్ల ఎంత సయీదో తెల్వది.

చీకట్ల బామ్ డబ్బా గుమ్మరించిన.
పదమూడు.
ఔద్ వేలితో ఒక్కొక్కటే జరిపి చూసి
నాలుగు టోపీలు ఎక్కువున్నయని
ఖుషీ అయిండు.