పైన పెట్టేది

పాలకొల్లు బస్టాండు ఎదురుగా
బాబ్జీగారి కూల్‌డ్రింకు షాపులో
మొదట నాది గ్లాసులు కడిగే పని.
మూడేళ్లకి ప్రమోషన్ ఇచ్చారు:
ఫ్రూట్ సలాడ్ మీద చెర్రీ పెట్టడం.

నవ్వకండి. దానికీ చెయ్యి తిరగాలి.
తొందరపడితే మునిగిపోద్ది,
ఆలస్యమైతే ఐస్‌క్రీముతోపాటు పక్కకి ఒరుగుద్ది.
మనిషి చూస్తుండగా, రెండు వేళ్లతో,
బొట్టు పెట్టినట్టు పెట్టాలి.

డబ్బా మీద బొమ్మలో
జంట కాయలు, సన్నని తొడిమ, వెనకాల మంచుకొండ.
డబ్బా లోపల మన వాక్కాయ.
చేలగట్ల మీద ముళ్ల మధ్య కాసి,
తొలకరి రోజుల్లో పప్పులో పడితే
నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించే
ఆ వాక్కాయే.

నూకరత్నం చెప్పిందీ సంగతి.
మార్టేరు దాటాక రేకుల షెడ్డులో
కాయకో గాటు పెట్టి గింజ తీస్తుందావిడ, కిలో లెక్కన.
పాలు కారి వేళ్లు అతుక్కుపోతాయంట,
కొబ్బరినూనె రాస్తే గానీ విడవవంట.
సున్నపు తేటలో ఒక రాత్రి,
పల్చటి పాకంలో ఒక రోజు,
చిక్కటి పాకంలో ఎన్నాళ్లో ఆవిడకే గుర్తులేదు,
ఆనక రంగు.
"పేరు మార్చేముందు
పులుపు తీసెయ్యాలి కదండీ, ఆయ్" అంది.

గ్లాసులు కడిగే రోజుల్లో లెక్కపెట్టేవాణ్ణి.
పదింటికి నాలుగు అడుగునే మిగిలేవి.
పిల్లలు ముందు దాన్నే మింగేస్తారు.
కొత్త జంటలు నువ్వంటే నువ్వని
ఇద్దరూ వదిలేస్తారు.
షుగరున్న డ్రాయింగు మాస్టారు
దాన్నొక్కదాన్నీ చెంచాతో పక్కకి నెట్టి
మిగతాదంతా నాకేస్తారు.

మొన్న శనివారం ఆవిడే వచ్చింది,
మనవరాల్ని వెంటేసుకుని.
ఇద్దరికీ ఒకటే కప్పు.
అలవాటుగా ఒకటి పెట్టాను,
అడక్కుండా ఇంకోటి.

పిల్ల తనది నమిలేసింది.
నూకరత్నం తనదాన్ని తడి తుడిచి
వేలి కొసన పెట్టుకుని
ట్యూబులైటుకేసి తిప్పి చూసింది.
"ఇది నేను కోసింది కాదు, మా తోడికోడలిది.
దాని కత్తి ఎప్పుడూ ఎడమకే పోద్ది."

అప్పుడు నోట్లో వేసుకుంది.
నమల్లేదు. నాలుకతో అంగిలికి అదిమి
చాలాసేపు వెతికింది.
నరసాపురం బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.
"ఉందా?" అన్నాను.
"అట్టడుక్కి... ఉందండి, కొంచెం."

రెండో చెర్రీని
బాబ్జీగారు నా ఖాతాలో రాశారు.